ఉప్పల్లో గీత ఎక్కడ గీయాలి?

ఫోను మోగడానికి ముందు ఒక వెతుకులాట జరుగుతుంది. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి రోడ్డెక్కిన తమ్ముడికి వరంగల్ నుంచి అన్న ఫోన్ చేశాడనుకుందాం. కాల్ హైదరాబాద్ దాకా రావడం పెద్ద విషయం కాదు, కేబుళ్ళ మీద వచ్చేస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. తమ్ముడి జేబులోని ఫోను ఈ క్షణాన ఏ టవర్ పరిధిలో ఉంది? నగరంలో టవర్లు వేలల్లో ఉన్నాయి. అన్నకు విసుగు పుట్టేలోగా, అంటే నాలుగైదు సెకన్లలో, జవాబు దొరకాలి.

జీపీఎస్ ఉందిగా అనిపించవచ్చు. జీపీఎస్ చేసేది వేరే పని. ఉపగ్రహాల సంకేతాలు విని ఫోను తన చోటు తాను లెక్కగట్టుకుంటుంది. ఆ సంగతి నెట్‌వర్క్‌కు తెలియాలంటే మళ్ళీ ఫోనే సిగ్నల్ పంపి చెప్పాలి, అందుకు బ్యాటరీ ఖర్చుపెట్టాలి. జీపీఎస్ ఊసే లేని కీప్యాడ్ ఫోన్లు కూడా నిక్షేపంగా మోగుతున్నాయి కదా. 1995 జులై 31న కలకత్తా నుంచి జ్యోతి బసు ఢిల్లీలోని సుఖ్ రామ్‌తో మాట్లాడి దేశంలో మొబైల్ సేవను ప్రారంభించిననాడు కూడా ఈ వెతుకులాట ఉంది. ఈనాటి 5జీలోనూ ఉంది.

ఇంట్లో ఓ కుర్రాడున్నాడు. గుమ్మం దాటిన ప్రతిసారీ "కొట్టుకెళ్తున్నా", "సందు చివరున్నా" అని కబురు పంపుతూ పోతే అమ్మకు వెతికే పని ఉండదు. కాకపోతే ఇద్దరికీ రోజంతా అదే పని. ఏమీ చెప్పకుండా పోతే వాడికి హాయి, అవసరం పడ్డప్పుడు అమ్మ ఊరంతా గాలించాలి. అందుకని "పేట దాటితేనే చెప్పు, పేటలో ఉంటే నేనే వెతుక్కుంటా" అంటుంది. మొబైల్ కంపెనీలు మన ఫోన్లతో చేసుకున్న ఒప్పందం అచ్చంగా ఇదే.

ఒక్కో టవర్ యాంటెనా సిగ్నల్ అందే ముక్కను సెల్ అంటారు. పక్కపక్కనున్న కొన్ని సెల్లను కలిపి ఒక ఏరియాగా గీస్తారు. 2జీలో దాన్ని లొకేషన్ ఏరియా అన్నారు, 4జీ, 5జీల్లో ట్రాకింగ్ ఏరియా అంటారు. ప్రతి టవరూ తన ఏరియా నంబరును అదేపనిగా ప్రసారం చేస్తుంటుంది. వాడకంలో లేని ఫోను ఆ నంబరును వింటూ ఉంటుంది. నంబరు మారనంతసేపూ నోరు మెదపదు. మారిందా, "నేను ఇటు వచ్చాను" అని కబురు పంపుతుంది. ఈ కబురుకు లొకేషన్ అప్‌డేట్ అని పేరు. కాల్ వచ్చినప్పుడు ఆ ఏరియాలోని టవర్లన్నీ ఒక్కసారిగా ఆ ఫోనును పిలుస్తాయి. అది పేజింగ్. పిలుపు అందిన ఫోను తన దగ్గరి టవర్‌కు బదులిస్తుంది, అప్పుడు మోగుతుంది. ఎటూ కదలని ఫోను కూడా గడువుకోసారి తాను బతికే ఉన్నానని చెప్పుకోవాలి. 4జీ ప్రమాణాల్లో ఆ గడువు మామూలుగా 54 నిమిషాలు.

సినిమాల్లో పోలీసు పాత్రలు "టవర్ లొకేషన్ దొరికింది సార్" అంటుంటాయి. కాల్ మాట్లాడినప్పుడో, డేటా వాడినప్పుడో ఏ సెల్ నుంచి వాడారన్నది రికార్డులో పడుతుంది కాబట్టి ఆ మాట తప్పేం కాదు. జేబులో ఊరికే పడుకున్న ఫోను విషయంలో మాత్రం నెట్‌వర్క్‌కు తెలిసేది ఏరియా వరకే.

మరి ఏరియా గీత ఎక్కడ గీయాలి? ఈ ప్రశ్నకు ఉప్పల్ కంటే మంచి పరీక్ష హైదరాబాద్‌లో అరుదు. వరంగల్ హైవే, నాగోల్ నుంచి వచ్చే ఇన్నర్ రింగ్ రోడ్డు, రామంతాపూర్ రోడ్డు, హబ్సిగూడ మీదుగా సికింద్రాబాద్ పోయే రోడ్డు ఉప్పల్ రింగు దగ్గర కలుస్తాయి. బోడుప్పల్, పీర్జాదిగూడ, ఘట్‌కేసర్ వైపు నుంచి వచ్చేవాళ్ళు ఇక్కడే బస్సు దిగి మెట్రో ఎక్కుతారు. ఆ జనం రోడ్డు దాటలేక పడుతున్న అవస్థ చూసే 2023లో రింగు మీద స్కైవాక్ కట్టారు. అటు హబ్సిగూడ చౌరస్తా నుంచి ఒక పాయ నాచారం, మల్లాపూర్ వైపు చీలుతుంది. ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో షిఫ్టులు మారే వేళ ఆ పాయలో మనుషులు రెండు దిక్కులా పారుతుంటారు. మధ్యలో క్రికెట్ స్టేడియం. మ్యాచ్ లేనినాడు అటు చూసేవాడు ఉండడు, ఐపీఎల్ రాత్రి ఇసుక వేస్తే రాలదు.

వీటన్నిటి నెత్తిన మెట్రో పోతోంది. 2017 నవంబరులో నాగోల్–అమీర్‌పేట మార్గం తెరుచుకున్నప్పుడు నెట్‌వర్క్ ఇంజినీర్లకు ఓ కొత్తరకం తలనొప్పి కూడా వచ్చి ఉండాలి. రోడ్డు మీద మనుషులు ఒకరి తర్వాత ఒకరు గీత దాటుతారు. రైల్లో అలా కాదు. కిక్కిరిసిన పెట్టెల్లోని వందల ఫోన్లు క్షణాల తేడాతో ఒకే గీత దాటి, అన్నీ ఒకేసారి "నేను ఇటు వచ్చాను" అంటాయి. ఆ కబుర్ల తొక్కిసలాటలో సరిగ్గా అప్పుడు రావలసిన కాల్ తప్పిపోవచ్చు. రైలు మార్గానికి అడ్డంగా ఏరియా గీత పడటం ఈ వృత్తిలో ఎక్కడైనా తలనొప్పే.

లెక్క చేసి చూద్దాం. అంకెలు నేను ఊహించుకున్నవి, పద్ధతి మాత్రం అసలుదే. ఒక వరుసలో ఆరు సెల్లు: నాగోల్, ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ, నాచారం. ఒక్కో సెల్‌లోని ఫోన్లకు గంటకు 500 కాల్స్ వస్తాయి. పక్క సెల్‌లోకి దాటే ఫోన్లు గంటకు నాగోల్–ఉప్పల్ మధ్య 900, ఉప్పల్–స్టేడియం 700, స్టేడియం–ఎన్‌జీఆర్‌ఐ 300, ఎన్‌జీఆర్‌ఐ–హబ్సిగూడ 500, హబ్సిగూడ–నాచారం 600. ఒక కాల్ కోసం ఒక సెల్‌లో ఒకసారి పిలిస్తే ఖర్చు 1. లొకేషన్ అప్‌డేట్‌లో ఫోను, టవరు, వెనకనున్న డేటాబేసులు అన్నీ మాట్లాడుకోవాలి గనుక దాని ఖర్చు 10. ఈ పదింతల నిష్పత్తి ఈ రంగం పరిశోధనా పత్రాల్లో చాలాకాలంగా వాడుకలో ఉన్నదే.

గీతే లేకుండా ఆరింటినీ ఒకే ఏరియా చేస్తే 3,000 కాల్స్‌కు ఆరేసి చోట్ల పిలవాలి, ఖర్చు 18,000. ప్రతి సెల్ మధ్యా గీత గీస్తే పిలుపులు 3,000కు తగ్గుతాయి గానీ అప్‌డేట్లకే 30,000 అవుతుంది, మొత్తం 33,000. ఉప్పల్ రింగు పెద్ద కూడలి కదా, సరిహద్దు అక్కడే సహజం అనుకుని ఉప్పల్ దాటాక గీత గీస్తే 17,000. గీత లేకపోవడం కంటే పెద్ద లాభమేం రాలేదు. స్టేడియానికీ ఎన్‌జీఆర్‌ఐకీ మధ్య గీస్తే 12,000. ఈ అంకెలకు ఇంతకంటే చవకైన గీత లేదు. పటం మీద కంటికి ఆనే కూడళ్ళు, జనం ఎక్కువగా దాటే చోట్లు గీతకు పనికిరావు. జనం పలచగా దాటే చోటు వెతకాలి.

ఆరు సెల్ల వరుసలో గీత పడగల సందులు ఐదే కాబట్టి మొత్తం పద్ధతులు 32. పెన్నూ కాగితంతో తేలిపోతుంది. నిజమైన ఉప్పల్ వరుసగా ఉండదు, పటంలా నలుదిక్కులా పరుచుకుని ఉంటుంది. అలాంటి పటం కోసం 1993లో అమోట్జ్ బార్-నాయ్, ఇలాన్ కెస్లర్ ఇంకో పద్ధతి సూచించారు. ఏరియాలు గీయడం మాని, కొన్ని సెల్లకు మాత్రం గుర్తుపెట్టండి అన్నారు. గుర్తున్న సెల్‌లోకి అడుగుపెట్టినప్పుడే ఫోను కబురు చెబుతుంది. కాల్ వస్తే ఆ ఫోను చివరిగా కబురు చెప్పిన సెల్‌లోనూ, అక్కడి నుంచి ఇంకో గుర్తున్న సెల్ తగలకుండా వెళ్ళగలిగిన సెల్లన్నిటిలోనూ వెతకాలి. ఏ సెల్లకు గుర్తుపెట్టాలి? ప్రతి సెల్‌కూ ఔనో కాదో. 16 సెల్లుంటే 65,536 రకాలు. 36 ఉంటే ఆరు వేల ఎనిమిది వందల కోట్లకు పైన. 64 సెల్లయితే లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్లు. సెకనుకు కోటి చొప్పున పరీక్షించే కంప్యూటర్ కూడా 58 వేల ఏళ్ళకు పైగా కూర్చోవాలి. అన్నిటినీ తడమకుండా కచ్చితమైన జవాబు చెప్పే చురుకైన దారి ఏదైనా ఉందా అంటే, సాధారణ రూపంలో ఈ సమస్య గణితజ్ఞులు ఎన్‌పీ-కంప్లీట్ అనే మొండి జాతికి చెందింది. అలాంటి దారి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

కచ్చితమైనది దొరకనప్పుడు మంచిదాంతో సరిపెట్టుకోవాలి. ఆ మంచిదాన్ని వెతకడానికే పరిశోధకులు ప్రకృతి వైపు చూశారు. మొదట జన్యువులు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో జాన్ హాలండ్ 1975లో పుస్తకంగా వెలువరించిన ఆలోచన ఇది. మన 64 సెల్లను ఒక వరుసలో ఒకట్లు, సున్నాలుగా రాస్తే అదే ఒక జీవి జన్యు పటం. యాదృచ్ఛికంగా వందో రెండొందలో జీవుల్ని పుట్టించి, ఒక్కొక్కదాని ఖర్చు లెక్కకట్టాలి. ఖర్చు తక్కువున్నవి బతుకుతాయి. వాటిలో రెంటిని తీసుకుని, ఒకదాని ముందు సగం, ఇంకోదాని వెనక సగం అతికిస్తే పిల్ల. అప్పుడప్పుడు ఒక సున్నాను ఒకటిగా తిప్పేస్తే ఉత్పరివర్తన. ఇలా కొన్ని వందల తరాలు. హబ్సిగూడలో ఉన్న జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీలో నిజం జన్యువులతో కుస్తీపట్టేవాళ్ళు ఈ వర్ణన చదివితే నవ్వుకుంటారు, నవ్వుకోవాలి కూడా. జీవశాస్త్రంతో దీని చుట్టరికం పేరువరకే. పని మాత్రం చేస్తుంది. కారణం ఏమంటే మంచి జవాబుల ముక్కలు కూడా తరచు మంచివే. నాచారం వైపు గుర్తులు బాగా పెట్టిన పటాన్నీ, నాగోల్ వైపు బాగా పెట్టిన పటాన్నీ అతికిస్తే రెండువైపులా బాగున్నది పుట్టే అవకాశం ఉంది.

చీమల కథ ఇంకా ముచ్చటైనది. 1980ల చివర్లో బ్రస్సెల్స్‌లో డెనూబూర్, గాస్ తదితరులు అర్జెంటీనా చీమల గూటి నుంచి తిండి దాకా రెండు వంతెనలు పెట్టారు, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. మొదట చీమలు రెండింటి మీదా తోచినట్టు నడిచాయి. పొట్టిదారిన పోయినవి త్వరగా తిరిగొచ్చాయి కాబట్టి ఆ దారిలో వాసన ముందుగా చిక్కబడింది, వెనక వచ్చినవి వాసన ఎటుంటే అటు నడిచాయి. కాసేపటికి దాదాపు దండంతా పొట్టిదారినే పట్టింది. ఏ చీమా రెండు దారులనూ కొలిచి చూడలేదు. దీన్ని 1992లో మిలాన్‌లో మార్కో డొరీగో తన డాక్టరేట్ సిద్ధాంత వ్యాసంలో గణనపద్ధతిగా మలిచాడు. మన సమస్యలో దారులు లేవు, ఉన్నవి సెల్లు. అందుకని వాసన సెల్‌కే అంటుకుంటుంది. ఒక ఉత్తుత్తి చీమ తనకు తోచిన సెల్లకు గుర్తులు పెడుతుంది, ఖర్చు తగ్గితే ఆ సెల్ల మీద వాసన పెరుగుతుంది. వాసన కొంత ఆవిరవుతూ ఉండాలన్నది ఇందులో కీలకం. ఆవిరి కాకపోతే మొదటి గుంపు చేసిన పొరపాటే శాసనమైపోతుంది.

పక్షుల గుంపును చూసి 1995లో సామాజిక మనస్తత్వవేత్త జేమ్స్ కెనెడీ, ఎలక్ట్రికల్ ఇంజినీర్ రసెల్ ఎబర్‌హార్ట్ తెచ్చిన పద్ధతిలో ప్రతి జవాబూ తాను చూసిన మంచి చోటుకూ, గుంపు మొత్తం చూసిన మంచి చోటుకూ మధ్య ఊగుతూ ఎగురుతుంది. ఔను-కాదు ప్రశ్నలకు దాన్ని కాస్త సవరించి వాడాలి.

ఇవన్నీ మన సమస్య మీద పరీక్షకు నిలిచాయి. 2003లో రికీ సుబ్రత, ఆల్బర్ట్ జొమాయా జన్యు పద్ధతినీ, చీమల పద్ధతినీ, టాబూ అన్వేషణనూ ఇదే గుర్తుల సమస్య మీద పోటీకి దింపారు. టాబూలో జంతువులేం లేవు. ఈమధ్యే చూసిన చోటుకు మళ్ళీ పోకూడదని ఒక జాబితా పెట్టుకుంటుంది, అంతే. మూడూ మంచి జవాబులకే చేరాయి. ఆ పత్రంలో నాకు నచ్చింది అదే. ప్రకృతి ముద్ర లేని పద్ధతి, ఉన్నవాటి పక్కన తలవంచుకోకుండా నిలబడింది.

ఇలాంటి వెతుకులాట ఉప్పల్ రోడ్డుకు కొత్త కాదు. అక్కడే ఉంది జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఎన్‌జీఆర్‌ఐ. దాని శాస్త్రం, అంటే భూభౌతిక శాస్త్రం, పైన నమోదైన కంపనాలను బట్టి కింద ఏ పొర ఎంత లోతున ఉందో చెప్పాల్సిన విద్య. ఒకే రకం కంపనాలకు సరిపడే పొరల అమరికలు లెక్కలేనన్ని ఉంటాయి. తప్పు తగ్గేకొద్దీ లోతుకు దిగే కొండల పటంలా వాటిని ఊహించుకుంటే, దగ్గర్లో కనబడ్డ గుంటలో దిగి ఇదే అడుగు అనుకుంటే మోసపోతాం. అందుకని కాల్చిన లోహం మెల్లగా చల్లారే తీరును అనుకరించే పద్ధతినీ, జన్యు పద్ధతినీ ఆ రంగంలో విరివిగా వాడతారు. మొదటిది 1983లో కిర్క్‌పాట్రిక్ బృందం ప్రకటించింది. తొలుత తప్పటడుగులు కూడా వేయనిచ్చి, వేడి తగ్గేకొద్దీ కట్టడి చేస్తుంది. భూభౌతికంలో ఈ పద్ధతుల మీద పాల్ స్టోఫాతో కలిసి 1995లో ప్రామాణిక గ్రంథం రాసిన మృణాల్ సేన్, గత దశాబ్దంలో కొంతకాలం ఎన్‌జీఆర్‌ఐకి డైరెక్టరుగా కూడా పనిచేశారు. భూమి పొరలైనా, మెట్రో కింది సెల్లైనా గుంటలు నిండిన కొండల్లో అన్నిటికంటే లోతైన గుంట వెతకడమే పని.

తర్వాత వచ్చింది జంతు ప్రదర్శనశాల. షిన్-షీ యాంగ్ 2008లో మిణుగురులు, 2009లో సుయశ్ దేబ్‌తో కలిసి కోకిలలు, 2010లో గబ్బిలాలు తెచ్చాడు. మీర్జలీలి 2014లో బూడిదరంగు తోడేళ్ళు తెచ్చాడు, రెండేళ్ళకు తిమింగలాలు. ఇంజినీరింగ్ కాలేజీల ప్రాజెక్టు రిపోర్టుల్లో ఇప్పుడు వీటి మేతకు కొదవలేదు. ఒక కొత్త మృగం, నాలుగు పాత సమస్యలు, పట్టికలో తనది ముదురు అక్షరాల్లో. 2015లో కెనెత్ సోరెన్సెన్ ఈ ధోరణిని కడిగేశాడు. ఉపమానం కొత్తదైనంత మాత్రాన పద్ధతి కొత్తది కాదన్నాడు. ఇటీవల కమాచో-విలియాలోన్, స్టుట్జ్లె తోడేలు, తిమింగలం, మిణుగురు, గబ్బిలం వంటి ఆరు పద్ధతుల ఒళ్ళు విప్పి చూసి, లోపల ఉన్నవి చాలావరకు పాత ఎముకలేనని తేల్చారు. ఆ పత్రం రాసినవాళ్ళలో మూడో మనిషి డొరీగో, చీమలతో ఈ సంత తెరిచినవారిలో ఒకడు. సమర్థించేవాళ్ళు ఒక్కోసారి 1997 నాటి వోల్పెర్ట్, మెక్‌రెడీ సిద్ధాంతాన్ని ఎత్తిచూపుతారు. అన్ని సమస్యలనూ కలిపి సగటు తీస్తే ఏ పద్ధతీ మరోదానికంటే మెరుగు కాదని అది చెబుతుంది. నిజమే. కానీ ఉప్పల్ "అన్ని సమస్యల సగటు" కాదు కదా. దానికి రోడ్లున్నాయి, రైలుంది, షిఫ్టు వేళలున్నాయి. ఆ ఆకారాన్ని వాడుకునే పద్ధతే గెలుస్తుంది.

ఈ సంతకు దూరంగా నిలబడ్డవాళ్ళలో ఒక తెలుగాయన ఉన్నారు. నాగార్జున విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ చదివి, సూరత్ ఎన్ఐటీలో ఆచార్యుడిగా ఉన్న ఆర్. వెంకటరావు 2011లో తరగతి గదిని నమూనాగా తీసుకున్నారు. గుంపులో మెరుగైన జవాబు గురువు, మిగతావి దాన్ని చూసీ, ఒకదాన్నొకటి చూసీ నేర్చుకుంటాయి. 2016లో ఆ ఉపమానం కూడా వదిలేసి "జయ" అనే పద్ధతి ఇచ్చారు. ఉన్నవాటిలో మంచిదానివైపు ఒక అడుగు, చెడ్డదానికి దూరంగా ఒక అడుగు, అంతే. వాసన ఎంత వేగంగా ఆవిరవ్వాలి, ఉత్పరివర్తన ఎంత శాతం ఉండాలి వంటి మరలు తిప్పే పని లేదు. 2020 నాటి ఆయన పత్రమైతే శీర్షికలోనే ఉపమానం లేని పద్ధతులని చెప్పుకుంది. వృత్తిలో ఉన్న ఇంజినీరుకు ఇదే మేలని నా అభిప్రాయం. తోడేలు స్వభావం తెలిసినవాడికంటే నాచారంలో షిఫ్టు ఎప్పుడు మారుతుందో తెలిసినవాడే మెరుగైన గీత గీస్తాడు.

అసలు కష్టం వెతికే పద్ధతిలో లేదు, వెతికే గురి కదిలిపోవడంలో ఉంది. పైన వేసిన లెక్కే మళ్ళీ తీయండి. ఐపీఎల్ మ్యాచ్ ముగిసి జనం ఎన్‌జీఆర్‌ఐ వైపు కూడా పారితే గంటకు 300 దాటేచోట 800 దాటుతారనుకుందాం. 12,000 ఖర్చున్న గీత ఒక్కసారిగా 17,000 అవుతుంది. గీతను ఒక సెల్ అవతలికి, హబ్సిగూడ ముందుకు జరిపితే 15,000. ఏ పద్ధతితో వెతికినా పగటి అంకెలిస్తే పగటి జవాబే ఇస్తుంది. రాత్రి పదకొండింటికి అది తప్పుడు జవాబు. పైగా ఆ పరిశోధనల నాటికి ఫోను అంటే కాల్సే. ఇప్పుడు జేబులోని ఫోనుకు సందేశాలు, నోటిఫికేషన్లు ఎడతెరిపి లేకుండా వస్తుంటాయి, వాటికీ పేజింగ్ కావాలి. పిలుపు, అప్‌డేట్ మధ్య పాత తూకం పిలుపు వైపు ఒరిగింది.

దీనికి 4జీ ఇచ్చిన జవాబు తెలివైనది. అందరికీ ఒకే గీత అనే నియమాన్నే తీసేసింది. ప్రతి ఫోనుకూ విడిగా ఒక జాబితా ఇస్తుంది, అందులో 16 ట్రాకింగ్ ఏరియాల దాకా ఉండవచ్చు. జాబితాలోని ఏరియాల మధ్య ఎంత తిరిగినా ఫోను గడువు కబురు తప్ప మరేమీ చెప్పనక్కర్లేదు. నాగోల్లో ఎక్కి రోజూ రాయదుర్గం పోయే మనిషికి మెట్రో దారి పొడవునా సాగే జాబితా ఇవ్వవచ్చు. అదే పెట్టెలో పక్కన నిలబడి హబ్సిగూడలో దిగి నాచారం ఆటో ఎక్కే మనిషికి మల్లాపూర్ వైపు విస్తరించిన జాబితా ఇవ్వవచ్చు. ఒకే రైల్లోని వందల ఫోన్లు ఒకే చోట ఒకేసారి అరిచే బెడద తప్పుతుంది. బదులుగా లెక్క పెరిగింది. ఇదివరకు నగరానికంతా ఒక పటం వెతికితే చాలు. ఇప్పుడు ఒక్కో రకం ప్రయాణికుడికి ఒక్కో పటం వెతకాలి, దాన్ని వారాంతానికి ఒకలా, మ్యాచ్ రోజుకు ఇంకోలా మార్చాలి. జన్యువులకూ చీమలకూ పని ఇంకా మిగిలి ఉన్నది ఇక్కడే.